ఓర్లీన్ కొనిచ్చిన రైఫిల్

ఓర్లీన్ రాట్లిఫ్, నేను మా బడి వంటింట్లో పందొమ్మిదేళ్ళు పక్కపక్కన నిలబడి పనిచేశాం. మూడొందల మంది పిల్లలకి రోజూ రొట్టెలు చేసేది ఆవిడే. పిండి పిసికేటప్పుడు చర్చి పాటలు సన్నగా కూనిరాగం తీసేది. గొంతెత్తి ఒకరిని ఒక మాట అనడం నేను వినలేదు. బాధ కలిగితే పాట ఆగిపోయేది, అంతే. పాట ఆగిందంటే ఏదో జరిగిందని నేను తెలుసుకునేదాన్ని.

ఆమె భర్త హోబర్ట్ రంపపు మిల్లులో దుంగలు కోసేవాడు. పొడుగు మనిషి, మాటకారి. మా వెస్ట్ వర్జీనియా కొండల్లో అందరిలాగే అతనికీ సెప్టెంబరు వస్తే ఇంట్లో కాలు నిలిచేది కాదు. హికరీ చెట్ల కాయలు పండుతాయి, తినడానికి ఉడుతలు దిగుతాయి, రైఫిల్ భుజాన వేసుకుని వాటి వేటకి వెళ్ళాల్సిందే. పెళ్ళయిన కొత్తల్లో అతని దగ్గర తండ్రి నాటి పాత తుపాకీ ఒకటి ఉండేది. ఒక్కో తూటా చేత్తో పెట్టి కాల్చాలి. ఓర్లీన్ అప్పుడు పట్నంలో చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. ఆ జీతంలో దాచి, 1982లో అతని పుట్టినరోజుకి కొత్త రైఫిల్ కొనిచ్చింది. పాయింట్ టూటూ అనే సన్న తూటాలది, సెమీ ఆటోమేటిక్. పది తూటాలు పట్టే చిన్న పెట్టె, మ్యాగజీన్ అంటారు, అడుగున దూరుతుంది. మీట నొక్కిన ప్రతిసారీ ఒక గుండు పేలుతుంది. ఆ అదురుకే లోపల బోల్టు అనే ఇనప దిమ్మె వెనక్కి వెళ్ళి ఖాళీ డొల్లని బయటికి విసిరి, ముందుకొస్తూ తర్వాతి తూటాని లోపలికి తోస్తుంది.

అలా జరగాలి. జరిగేది కాదు.

రెండు మూడు గుండ్లు సవ్యంగా పేలేవి. నాలుగోసారికి డొల్ల బయటికి రాక సగంలో ఇరుక్కునేది, లేదా కొత్త తూటా ముక్కు వంగిపోయి అడ్డం తిరిగేది. చెట్టు మీద ఉడుత ఉండగా హోబర్ట్ కింద నిలబడి చాకు మొనతో డొల్ల పీకుతూ, "దీని దుంపతెగ! మళ్ళీ ఇరుక్కు చచ్చిందీ దరిద్రం!" అని అరిచేవాడు. ఆ కేక లోయ అవతలికి వినపడేది. అతని నేస్తం ఎస్టిల్ కడ్డ్ నవ్వేవాడు.

"ఒరేయ్ హోబర్టూ, ఉడుతలు నీ రైఫిల్ కోసమే ఎదురుచూస్తున్నాయిరా. మిగతా వాళ్ళొస్తే పారిపోతాయి. నువ్వొస్తే పిల్లల్ని కూడా తెచ్చుకుని కూర్చుంటాయి, వేడుక చూడ్డానికి."

ముప్పై ఏళ్ళు అతను చెయ్యని వైద్యం లేదు. తూటాల రకాలు మార్చాడు. బోల్టుని ఓర్లీన్ సూప్ గిన్నెలో వేసి మరగబెట్టాడు. నూనె ఎక్కువైందని తుడిచాడు, తక్కువైందని పోశాడు. మ్యాగజీన్లు నాలుగు కొన్నాడు. స్ప్రింగులు మార్చాడు. అమ్మెయ్యమని ఎవరైనా అంటే మాత్రం మొహం గంటు పెట్టుకునేవాడు. "అది అమ్మేది కాదు" అనేవాడు.

ఒకసారి బంగాళాదుంపలు చెక్కు తీస్తూ ఓర్లీన్ నాతో అంది: "ఆయన దాన్ని తిట్టినప్పుడల్లా నన్ను తిట్టినట్టుంటుంది డ్రీమా. ఆ రోజు కొట్టువాడు రెండు రైఫిళ్ళు బల్ల మీద పెట్టాడు. నేను కర్ర బాగుందని దీన్ని తీసుకున్నాను. ఆ రెండోది తీసుకోవాల్సింది."

"ఆయనతో ఆ మాట అన్నావా?"

"ఏమని అంటాను? ఆయన నన్నేమీ అనలేదుగా. రైఫిల్నే కదా తిట్టింది."

ఆ రోజు సాయంత్రం దాకా ఆమె పాట పాడలేదు.

2013 ఫిబ్రవరిలో ఇంటి ముందు మంచు పారతో తీస్తూ హోబర్ట్ కూలిపోయాడు. పక్షవాతం. మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చేసరికి కుడి చెయ్యి వేలాడుతోంది, కుడి కాలు ఈడుస్తున్నాడు. వాటికంటే పెద్ద నష్టం వేరే. మాట పోయింది. మనం అనేది అర్థమవుతుంది, తను అనాలనుకున్నది తలలో ఉంటుంది, నోటికి రాదు. ఒక్క మాట మిగిలింది, "సరే." కాఫీ తాగుతావా అంటే సరే. కప్పు తెస్తే పక్కకి నెట్టేసి, సరే. ఏడుస్తూ సరే.

వారానికి రెండుసార్లు మాటలు నేర్పే అమ్మాయి వచ్చేది. కీలీ అని చిన్నపిల్ల, చాలా మంచిది. బొమ్మల అట్టలు తెచ్చి ఒక్కొక్కటే చూపించేది. ఆపిల్, గొడుగు, ఒంటె.

"ఇదేంటండీ హోబర్ట్ గారూ? ఒం..."

హోబర్ట్ గోడ వైపు తిరిగిపోయేవాడు.

"తల్లీ, ఈ కొండల్లో ఆయనకి ఒంటెతో ఏం పని పడుతుంది చెప్పు?" అంది ఓర్లీన్ ఒకరోజు మెల్లగా. కీలీ పాపం ఒంటెని సంచీలో పెట్టేసుకుంది.

ఏప్రిల్లో ఒక ఆదివారం చర్చి అయ్యాక ఎస్టిల్ చూడ్డానికొచ్చాడు. నేను కూడా అక్కడే ఉన్నాను, ఇంట్లో కాల్చిన ఆపిల్ 'పై' ఒకటి తీసుకెళ్ళాను. మాట్లాడని మనిషి ఎదుట ఎంతసేపని మాట్లాడతాం? ఎస్టిల్‌కి ఏం చెయ్యాలో తోచక, బీరువాలోంచి రైఫిల్ తీసి తుప్పు పట్టిందేమో చూస్తానన్నాడు. అతని కోటు జేబులో మందు లేని ఉత్తుత్తి తూటాలు కొన్ని ఉన్నాయి. ఒకటి పెట్టి బోల్టు లాగి వదిలాడు. తూటా అడ్డం తిరిగి ఇరుక్కుంది.

"దీని దుంపతెగ! మళ్ళీ ఇరుక్కు చచ్చిందీ దరిద్రం!"

ఆ మాటన్నది ఎస్టిల్ కాదు. కిటికీ దగ్గర కుర్చీలోంచి, పాత హోబర్ట్ గొంతు, ఒక్క అక్షరం తడబడకుండా.

ఓర్లీన్ చేతిలో చెంచా కింద పడింది. హోబర్ట్ మా అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. ఎడం చెయ్యి పెదాల మీద పెట్టుకుని, మళ్ళీ అనడానికి చూశాడు. రాలేదు. "సరే... సరే..." అన్నాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మళ్ళీ ఇరికించు ఎస్టిల్" అంది ఓర్లీన్.

"ఏంటీ?"

"ఇరికించమంటున్నానా! మళ్ళీ ఇరికించు!"

ఆమె గొంతెత్తగా నేను వినడం అదే మొదటిసారి.

మంగళవారం కీలీ వస్తే ఇదంతా చెప్పారు. తిట్లు, పాటలు, ప్రార్థనలు అలవాటుగా నోటికి వచ్చేస్తాయనీ, మిగతా మాటలు వెతుక్కుంటేగాని రావనీ ఆ పిల్ల చెప్పింది. "ఆయనకి దేని గురించి మాట్లాడాలని ప్రాణం కొట్టుకుంటోందో దాని గురించే మాట్లాడించండి" అంది. గోడకి ఆనించిన రైఫిల్ వైపు భయంగా చూసి, "తూటాలు మాత్రం ఇంట్లో ఉంచకండి" అంది. ఓర్లీన్ ఆ సాయంత్రమే ఉన్నవన్నీ మూటగట్టి ఎస్టిల్ ఇంట్లో పెట్టి వచ్చింది.

అప్పట్నుంచి రోజూ బడి వదిలాక మూడున్నరకి వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి రైఫిల్ పెట్టేది. తనకి దాని గురించి ఏమీ తెలియదు. తెలియకపోవడమే అక్కరకొచ్చింది. కావాలని కొన్ని తప్పులు చేసేది, తెలియక కొన్ని చేసేది. ఏది ఏదో హోబర్ట్‌కి తెలిసేది కాదు.

ఒకరోజు నా కళ్ళతో చూశాను.

"ఈ సన్నటిది ఎక్కడ పెట్టాలి? ఇక్కడా?"

"కా..." హోబర్ట్ బల్ల మీద కొట్టాడు. "కా... కాదు!"

"మరి దీని పేరేంటి?"

"స్... స్..."

"సబ్బా?"

"కాదు!"

"సన్నికల్లా?"

"స్ప్రింగు!" అరిచాడు. అరిచి, గెలిచినవాడిలా కుర్చీలో వెనక్కి వాలాడు.

"అలా చెప్పొచ్చుగా ముందే" అంది ఓర్లీన్. ఆ సంబరంలో వేలు జారి స్ప్రింగు ఎగిరి పొయ్యి మీద చిక్కుడు గింజల కుండలో పడింది. ముగ్గురం గరిటెలతో దేవులాడాం. నవ్వి నవ్వి హోబర్ట్‌కి పొలమారింది. నవ్వులో కుడి పెదవి కూడా కొంచెం కదిలింది. ఓర్లీన్ అది చూసి, చూడనట్టు కుండ కలుపుతూ ఉండిపోయింది.

కొత్త మాట వచ్చిన రోజు ఆమె దాన్ని బడి భోజనాల చీటీల వెనక రాసుకునేది. స్ప్రింగు. బోల్టు. వెనక్కి. మసి. గట్టిగా కాదు. జూన్ వచ్చేసరికి అరవై దాటాయి. ముక్కలు ముక్కలుగా మాటలు కలపడం కూడా వచ్చింది. కానీ ఆమె పేరు మాత్రం రాలేదు. "ఓ..." అని ఆగిపోయేవాడు. ఆమె అడిగేది కాదు. "తొందరేముందిలే" అనేది నాతో, రొట్టెల పళ్ళెం తిప్పి పెడుతూ.

బడికి సెలవులిచ్చాక శనివారాలు ఎస్టిల్ కొట్టాం వెనక మైదానంలో నిజమైన తూటాలతో పరీక్ష మొదలుపెట్టారు. ఎస్టిల్ కాల్చేవాడు, హోబర్ట్ కుర్చీలో కూర్చుని చూసేవాడు. ఆ సంవత్సరం దేశమంతా ఈ చిన్న తూటాలకి కరువు. కొట్లలో అరలు ఖాళీ. చర్చిలో వాళ్ళూ వీళ్ళూ గుప్పెడు గుప్పెడు ఇచ్చారు. కాఫీ డబ్బాల్లో, మేజోళ్ళలో దాచుకున్న రకరకాలవి, కొన్ని చిలుము పట్టి పచ్చబడ్డాయి కూడా. ఈ తూటాల్లో నిప్పంటుకునే మందు అడుగు అంచు చుట్టూ ఉంటుంది. అది సమంగా పరుచుకోకపోతే రైఫిల్ లోపలి పిన్ను ఎంత కొట్టినా పేలదు. అలాంటప్పుడు కాసేపు ఆగి, తీసి, పక్కకి తిప్పి మళ్ళీ పెట్టాలి.

"ఇది... తూటా తప్పు" అనేవాడు హోబర్ట్.

ఇరుక్కుంటే, "ఇది... కాదు" అనేవాడు, తల వంచుకుని.

జూలైలో ఒక శనివారం పదకొండోసారి ఇరుక్కున్నాక ఎస్టిల్ విసుగెత్తి బోల్టు ఊడదీసి, తన తల్లి బైబిలు చదువుకునే భూతద్దం తెచ్చి చూడ్డం మొదలుపెట్టాడు. బోల్టు ముందు వైపు చిన్న కొక్కెం ఉంటుంది, డొల్ల అంచుని పట్టి లాగేది అదే. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది అరిగిపోయింది కాదు ఓర్లీన్. ఎవడో ఆకురాయి పెట్టి రుద్దాడు. ఇదిగో గీతలు చూడు, పాతవి. కొక్కెం మొన పోయింది. ఇంక డొల్లనేం పట్టుకుంటుంది?"

ఓర్లీన్ భూతద్దంలోంచి చూసింది. "అంటే కొట్టువాడు పాడైనది నాకు అంటగట్టాడన్నమాట. కొత్తదని చెప్పి. నేనెంత వెర్రిదాన్ని!"

దారిలో హోబర్ట్ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక "సరే" కూడా అనలేదు. ఆదివారం చర్చికి రానని తల ఊపాడు. మళ్ళీ పక్షవాతం వచ్చిందేమోనని ఓర్లీన్ భయపడింది. కీలీకి ఫోన్ చేసింది. నాకు చేసింది.

సోమవారం పొద్దున తోటలో చిక్కుళ్ళు కోసుకుని అప్రాన్ నిండా పోసుకుని లోపలికొచ్చేసరికి వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి ఉంది. ఒంటి చేత్తో హోబర్ట్ రైఫిల్ తెచ్చి పెట్టుకుని కూర్చున్నాడు. చెమట కారుతోంది.

"ఓర్లీన్" అన్నాడు.

ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఓర్లీన్. నేను."

"నువ్వేంటి?"

"నేనే. ఆకురాయి." ఎడం చేత్తో రుద్దినట్టు చూపించాడు. "మొదటి... వారం. ఇంకా... బాగా చేద్దామని. చెడింది."

అతను కళ్ళు మూసుకుని ఒక్కో మాటా బావిలోంచి తోడినట్టు తోడాడు.

"నీ జీతం. నువ్వు... కొన్నావు. చెప్ప... లేక. కొత్త కొక్కెం... తెప్పిస్తే... తెలుస్తుంది. సిగ్గు. దాన్ని... తిట్టాను. రైఫిల్ మంచిది. నువ్వు... మంచిది కొన్నావు."

చిక్కుళ్ళు నేల మీద పడ్డాయి. ఆమె వాటిని తొక్కుకుంటూ వెళ్ళి అతని తల తన పొట్టకి ఆనించుకుని చాలాసేపు నిలబడింది.

"కోపం రాలేదా నీకు?" అని అడిగాను నేను తర్వాత.

"ఆ రోజు రాలేదే డ్రీమా. నా పేరు విన్నాను కదా, ఇంకేదీ చెవికెక్కలేదు. మర్నాడొచ్చింది! గిన్నెలు తోముతుంటే ఒక్కసారిగా వచ్చింది. ముప్పై ఏళ్ళు మనిషీ! ముప్పై ఏళ్ళు నా ఎదురుగా దాన్ని దరిద్రం అన్నావు! కొట్లో ఆ రెండోది ఎందుకు తీసుకోలేదా అని నేను ముప్పై ఏళ్ళు కుమిలాను! అని మూత తీసుకుని నేలకేసి కొట్టాను. ఆయన భయపడి ఏమన్నాడో తెలుసా? సరే అన్నాడు. అంత కోపంలోనూ నవ్వొచ్చి చచ్చాను."

అదయ్యాక వాళ్ళిద్దరి మధ్య ఏదో గాలి మారింది. హోబర్ట్‌కి మాటలు తొందర తొందరగా రాసాగాయి. దాచుకున్నది బయటపడ్డందుకేనో, వైద్యమే పనిచేసిందో నేను చెప్పలేను.

కొత్త కొక్కెం కోసం ఎస్టిల్ విడిభాగాల వాళ్ళకి రాశాడు. తపాలా కవరులో వచ్చింది, వేలిగోరంత ఉంది. ఎస్టిల్‌కి కళ్ళు ఆనవు, హోబర్ట్‌కి చెయ్యి లేదు. బిగించింది ఓర్లీనే. హోబర్ట్ పక్కన కూర్చుని, "మెల్లగా... నొక్కు... ఇప్పుడు వదులు" అని చెబుతుంటే, కాలర్లు కుట్టిన వేళ్ళు కదా, రెండో ప్రయత్నానికే కూర్చోబెట్టింది. ఆ శనివారం యాభై తూటాలు కాల్చారు. ఒకటి పేలలేదు, అది తూటా తప్పు. ఇరుక్కోవడమన్నది ఒక్కసారీ లేదు. గడ్డిలో మెరుస్తున్న డొల్లల్ని చూస్తూ హోబర్ట్ ఎక్కెక్కి ఏడ్చాడు. ఎస్టిల్ టోపీ సర్దుకుని, ఆవులకి నీళ్ళు పెట్టాలని గొణుక్కుంటూ కొట్టాంలోకి వెళ్ళిపోయాడు.

సెప్టెంబరులో వేట తెరిచిన మొదటి పొద్దున ఎస్టిల్ తన చిన్న బండిలో ఇద్దర్నీ కొండ మీద హికరీ చెట్ల దగ్గర దింపాడు. హోబర్ట్ రైఫిల్ని పంగల కర్ర మీద ఆనించి ఎడం భుజానికి పెట్టుకుని చూశాడు. కుదరలేదు. డొల్లలు కుడి పక్కకి ఎగురుతాయి, ఎడం భుజం వాడికి మొహం ముందు నుంచే పోతాయి. రైఫిల్ దింపి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"నువ్వు."

"నేనా! పదిహేనో ఏట మా నాన్నతో కాల్చాను. అంతే."

"నువ్వు" అన్నాడు మళ్ళీ.

పైన ఉడుత కాయ కొరుకుతున్న చప్పుడు, ఆకుల మీద పెంకులు రాలుతున్నాయి. హోబర్ట్‌కి ఎక్కడుందో తెలిసింది. "ఎ... ఎ... ఎడ..." అంటుండగానే ఉడుత చెట్టు మారింది. రెండోదానికీ అంతే. మాట పూర్తయ్యేసరికి అది పక్క ఊరికి పోయి ఉంటుంది. ఓర్లీన్ పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. అప్పుడు హోబర్ట్ మాటలు మానేసి ఆమె మోకాలి మీద చెయ్యి వేశాడు. ఎడం వైపైతే ఒక తట్టు, కుడి వైపైతే రెండు, ఆగమంటే గట్టిగా నొక్కడం.

రెండు తట్టాడు. ఆమె గురిచూసి కాల్చింది, తప్పింది. ఉడుత కొమ్మ చివరికి ఉరికి ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలోనే తర్వాతి తూటా తనంతట తాను వచ్చి కూర్చుని ఉంది. మళ్ళీ నొక్కింది. ఉడుత కింద పడింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారట. "ఆయన మొహం చూడాల్సింది నువ్వు" అని చెప్పింది నాకు. ఆ ఒక్క ఉడుతతోనే గ్రేవీ చేసి, సోడా రొట్టెలు కాల్చి, ఎస్టిల్‌నీ నన్నూ పిలిచింది. తలా రెండు ముక్కలు కూడా రాలేదు. అంత రుచిగా నేను ఎక్కడా తినలేదు.

ఈ సంగతి చర్చి ద్వారా పాకిపోయింది. మా కొండల్లో ప్రతి ఇంట్లోనూ మొండికేసే పాయింట్ టూటూ ఒకటైనా ఉంటుంది. ఆ చలికాలం ఒకాయన తన రైఫిల్ పట్టుకొచ్చాడు, తర్వాత ఇంకొకాయన. ఓర్లీన్ బడిలో పని మానేశాక రోజూ ఎవరో ఒకరు ఉండేవారు. హోబర్ట్ చెప్పేవాడు, ఆమె చేసేది. ఆమెకి రాను రాను చెప్పించుకునే అవసరం తగ్గింది, అయినా ప్రతిదానికీ "ఇప్పుడేం చెయ్యమంటావు?" అని ఆగేది. అతను మాట వెతుక్కునేదాకా వచ్చినవాళ్ళు కూడా ఓపిగ్గా కూర్చునేవారు. ఎవరైనా తొందరపడి మాట అందించబోతే ఓర్లీన్ కళ్ళతోనే నోరు మూయించేది.

అలా ఆరేళ్ళు గడిచాయి. 2019 మార్చిలో ఒక మధ్యాహ్నం భోజనం చేసి కుర్చీలో కునుకు తీస్తూ హోబర్ట్ పోయాడు. సమాధి దగ్గర ఎస్టిల్ ఏదో చెప్పబోయి చెప్పలేక తన టోపీ తీసి పెట్టె మీద పెట్టేశాడు. ఓర్లీన్ దాన్ని తీసి మళ్ళీ అతని తల మీద పెట్టి, "చలిగా ఉంది, పెట్టుకో" అంది.

పదిరోజుల తర్వాత నేను ఆమె దగ్గర కూర్చుని ఉండగా వాకిట్లో బండి ఆగింది. వాగు అవతల ఉండే విల్బర్న్ రైఫిల్ గుడ్డలో చుట్టుకుని దిగాడు. ఏ మొహంతో తలుపు తట్టాలో తెలియక మెట్ల దగ్గరే నిలబడ్డాడు, మళ్ళీ బండి వైపు తిరిగాడు. ఓర్లీనే వెళ్ళి తలుపు తెరిచింది.

"రైఫిల్ ఏం చేస్తోంది విల్బర్న్?"

"ఇప్పుడొద్దులే ఓర్లీన్. తర్వాతొస్తాను. పెద్ద పనేం కాదు, రెండో తూటా లోపలికెళ్ళడంలేదు, అంతే."

"తూటాలు తీసేశావా?"

"తీసేశాను."

"అయితే లోపలికి రా. కాళ్ళు తుడుచుకో."

బల్ల మీద దుప్పటి పరిచింది. మ్యాగజీన్ తీసి కిటికీ వెలుగులో పట్టుకుని, తూటాని పట్టి ఉంచే దాని పై అంచులు రెండూ బొటనవేలితో తడిమి చూసింది. ఒకటి కాస్త విచ్చుకుని ఉంది. పట్టకారుతో జాగ్రత్తగా నొక్కుతూ, ఎప్పుడు మొదలుపెట్టిందో తనకే తెలియదు, సన్నగా చర్చి పాట పాడుతోంది. విల్బర్న్ ఒళ్ళో టోపీ పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. నేను లేచి కాఫీ పెట్టాను.